ఐదు ఊళ్ళను రాత్రికి రాత్రే గీత దాటిస్తున్న మీకు

అయ్యా,

అమ్మా అని పిలవాలేమో కూడా తెలియదు. ఖాతా తెరవలేదు కాబట్టి మీకు పేరు లేదు. మొన్నటిదాకా మీ పేరుండాల్సిన చోట అంకెలూ అక్షరాలూ కలగలిసిన ఓ పొడుగాటి వరస కనిపించేది. మీ ఫోన్లో డేటా పోయి వచ్చినప్పుడల్లా అదీ మారిపోయేది. అయినా మిమ్మల్ని గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. ఎటపాక, గుండాల, పురుషోత్తపట్నం, కన్నాయిగూడెం, పిచ్చుకలపాడు ఊళ్ళ పేజీల్లో తెలుగు వికీపీడియాను ఇంత శ్రద్ధగా ఇబ్బంది పెడుతున్నవాళ్ళు ఇంకొకరు లేరు.

చర్చా పేజీలో పిలిస్తే పలకరు. మీ వాడుకరి చర్చా పేజీలో సందేశం పెడితే, మీరు చూసేలోపు ఆ అంకెలు ఇంకెవరి ఫోన్‌కో పోయేవి. ఏ పాపమూ ఎరగని పిల్లవాడెవడో హోంవర్క్ కోసం వికీ తెరిస్తే, "దయచేసి రాష్ట్రం పేరు మార్చకండి" అని వాడికి హెచ్చరిక కనబడేది. అందుకే ఇలా పదిమందీ చదివే చోట రాస్తున్నాను.

మీ పద్ధతి నాకు అలవాటైపోయింది. పొద్దుపోయాక, "ఇటీవలి మార్పులు" చూసేవాళ్ళు పలచబడ్డాక వస్తారు. సమాచారపెట్టెలో రాష్ట్రం అన్న గడిలో ఆంధ్రప్రదేశ్ తీసేసి తెలంగాణ పెడతారు. పేజీలో ఇంకేదీ ముట్టుకోరు. కిందున్న జిల్లా గడి ఎలా ఉన్నది అలాగే ఉంటుంది. తెల్లారేసరికి ఆ ఊరు తెలంగాణ రాష్ట్రంలో, ఆంధ్రప్రదేశ్ జిల్లా ఒకదానిలో తేలుతుంది. ఆ చిరునామాకు ఉత్తరం రాస్తే తపాలా శాఖ కూడా చేతులెత్తేస్తుంది. ఎందుకు మార్చారో రాయమని దిద్దుబాటు సారాంశం దగ్గర అడుగుతారు కదా, అక్కడ మీరు రాసేది ఒకటే మాట: "నిజం". ఒక్కోసారి అదీ ఉండదు.

ఒకసారి ఇంకాస్త ఉత్సాహపడి గుండాలకు లింకు కూడా మార్చారు. మీరు లింకు ఇచ్చిన గుండాల ఇల్లందు వైపుది, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఒక మండలం. భద్రాచలాన్ని ఆనుకుని ఉన్న గుండాల వేరు. పురుషోత్తపట్నం పేరుతోనూ ఒక్క ఊరే లేదు. గోదావరి దిగువన ఎత్తిపోతల పథకం కట్టిన పురుషోత్తపట్నం ఒకటి, భద్రాద్రి రాములవారి మాన్యాలున్న పురుషోత్తపట్నం ఒకటి. ఇలాంటి పేర్ల కోసమే వికీలో "అయోమయ నివృత్తి" అని పేజీలు పెట్టుకున్నాం. అయోమయం వరకు మీరు చూసుకున్నారు, నివృత్తి మాత్రం మా నెత్తిన పడింది.

ఇంతా చెప్పి, నేను మీకు పరాయివాణ్ణి కాను. మాది దుమ్ముగూడెం వైపు. భద్రాచలంలో బస్సెక్కితే ఊరు దాటీ దాటకముందే ఆంధ్రప్రదేశ్ వస్తుంది, కాసేపటికి మళ్ళీ తెలంగాణ. టికెట్ మారదు, కండక్టరు మారడు. రోడ్డు మీద గుంత పడితే పూడ్చాల్సిన ప్రభుత్వం మాత్రం మారుతుంది. చర్ల వెళ్ళేవాళ్ళకూ ఇదే దారి. పర్ణశాల చూద్దామని ఎక్కడెక్కడినుంచో వచ్చే యాత్రికులు భద్రాచలం నుంచి పర్ణశాలకు, తెలంగాణ నుంచి తెలంగాణకే వెళ్తూ మధ్యలో ఇంకో రాష్ట్రం తొక్కి వెళ్తున్నామని ఎరగరు. ఈ ఐదు పంచాయతీలూ ఆ చుట్టుపక్కలవే. మీ కోపం ఎక్కడ పుట్టిందో నాకు ఒకరు చెప్పక్కర్లేదు.

2014 ఫిబ్రవరిలో పార్లమెంటు ఒప్పుకున్న విభజన చట్టంలో పోలవరం ప్రాజెక్టు ముంపు గ్రామాలను మాత్రమే ఆంధ్రప్రదేశ్ వైపు వేశారు. మే 29న, తెలంగాణ పుట్టడానికి నాలుగు రోజుల ముందు, ఆర్డినెన్సు వచ్చింది. దానితో లెక్క ఊళ్ళ నుంచి మండలాలకు మారింది. చింతూరు, కూనవరం, వరరామచంద్రాపురం, కుక్కునూరు, వేలేరుపాడు పూర్తిగా, బూర్గంపాడులో కొంత, భద్రాచలం మండలంలో భద్రాచలం రెవెన్యూ గ్రామం తప్ప తక్కినదంతా. జులై 11న లోక్‌సభ, 14న రాజ్యసభ దానికి ముద్ర వేశాయి. ఊరు మునుగుతుందా, మునగదా అన్న ప్రశ్నే లేకుండా మండలం పేరు చూసి గీత గీసేశారు. గుడీ ఊరూ ఇటు మిగిలాయి, ఊరి చుట్టూ ఉన్న పల్లెలు అటు పోయాయి.

అటుపైన ఏమైందో ఇద్దరం చూస్తున్నదే. భద్రాచలం పట్నానికి చెత్త పోసుకోవడానికి జాగా కరువైంది. ఎటు జరిగినా పక్క రాష్ట్రమే. రాములవారికి పురుషోత్తపట్నంలో ఎనిమిది వందల ఎకరాలకు పైగా భూమి ఉంది. దేవుడు తెలంగాణ దేవాదాయ శాఖ కింద, భూమి ఆంధ్రప్రదేశ్ రెవెన్యూ శాఖ కింద. ఆక్రమణ తొలగించాలంటే గుడి అధికారులు పక్క రాష్ట్రం పోలీసులను బతిమాలుకోవాలి. 2022 జులై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు వచ్చింది. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగుల దగ్గరే ఇస్తారు, అంటే దానికి పద్దెనిమిది అడుగుల పైన నీళ్ళు. 1986 ఆగస్టులో వచ్చిన 75.6 అడుగుల వరద తర్వాత ఇదే పెద్దది. నీళ్ళు తీశాక ఆ ఐదు ఊళ్ళ జనం రోడ్డెక్కి మమ్మల్ని తెలంగాణలో కలపండని అడిగారు. ఆ అడగడంలో తప్పేముంది? నేనైనా అడిగేవాణ్ణే.

అక్కడే మీకూ నాకూ దారులు వేరయ్యాయి. వాళ్ళు రోడ్డెక్కి అడిగారు. మీరు ఎవర్నీ అడక్కుండా, జరిగిపోయినట్టు రాసేస్తున్నారు.

ఒక్కసారి మీ దిద్దుబాటు తర్వాతి పేజీని కొత్తవాడిలా చదివి చూడండి. పిచ్చుకలపాడు తెలంగాణలో ఉంది. సరే, ఉంటే మంచిదే. మరి ఆ ఊరివాళ్ళు ధర్నా ఎందుకు చేశారు? తెలంగాణలో ఉన్న ఊరు తెలంగాణలో కలపమని అడగడమేమిటి? మీరు రాష్ట్రం గడి మార్చిన క్షణంలో ఆ ఊళ్ళ గోడు వినేవాడికి అర్థం లేకుండా పోయింది. హైదరాబాదులోనో అమరావతిలోనో పాపం ఎవరో ఉద్యోగి ఈ గొడవేమిటో తెలుసుకుందామని పేజీ తెరిస్తే, అసలు సమస్యే లేదని అక్కడ రాసి ఉంటుంది. ఆ ఊళ్ళకు అన్యాయం జరిగిందని మీ వాదన. ఆ అన్యాయానికి కంటికి కనబడే సాక్ష్యం, ఆ గడిలో "ఆంధ్రప్రదేశ్" అన్న మాట. దాన్నే మీరు రోజూ చెరుపుతున్నారు.

మీదీ నాదీ కాని ఇంకో పక్షం కూడా ఉంది, చెప్పకపోతే బాగుండదు. కూనవరం నుంచో చింతూరు నుంచో ఒక మహానుభావుడు అప్పుడప్పుడూ వస్తుంటారు. ఆయన పట్టుదల అంతా భద్రాచలాన్ని ఆంధ్రప్రదేశ్‌కు తీసుకెళ్ళాలని. "చరిత్ర ప్రకారం" అని రాసి, పట్నాన్ని గుడితో సహా అటు మోస్తారు. ఆయన చెప్పే చరిత్ర అబద్ధమా అంటే కాదు. 1959 దాకా భద్రాచలం తూర్పు గోదావరి జిల్లాలోనే ఉంది. అంతకుముందు మద్రాసు రాష్ట్రం. 1874లో మద్రాసు ప్రెసిడెన్సీలోకి రావడానికి ముందు సెంట్రల్ ప్రావిన్సులు, అంటే నాగపూర్ పెత్తనం. 1860లో నిజాం గోదావరి ఎడమగట్టును ఇంగ్లీషువాళ్ళకు వదులుకోకముందు నిజాం రాజ్యం. ఇంకా వెనక్కి వెళ్తే నేలకొండపల్లి కంచర్ల గోపన్న పాల్వంచ పరగణా తహశీల్దారుగా శిస్తు వసూలు చేసిన రోజులు, తానీషా గోల్కొండ. 2014లో తెలంగాణ, 2016 అక్టోబరు 11న భద్రాద్రి కొత్తగూడెం జిల్లా. రాముడు కొండ మీదే ఉన్నాడు, కొండకు మాత్రం ఇన్ని చిరునామాలు. వీటిలో మనకు నచ్చిన ఒక్క సంవత్సరం ఏరుకుని, అదొక్కటే నిజమంటే, నాగపూర్ వాళ్ళు కూడా ఒకరోజు వచ్చి పేజీ దిద్దగలరు.

అందుకే వికీలో కాలంతో మారే సంగతి రాస్తే పక్కన తేదీ ఉండాలంటారు. 2011 జనగణన చూపించి మీరు వాదించారొకసారి. (ఆ ఒక్కసారైనా చర్చా పేజీకి వచ్చారు, సంతోషం.) ఆ పుస్తకంలో ఎటపాక ఖమ్మం జిల్లా భద్రాచలం మండలంలో ఉంది, నిజమే. 2011లో ఉన్నది అక్కడే మరి. మూలం ఇచ్చారు, మూలం మంచిది, కానీ మూడేళ్ళ తర్వాత జరిగినదాన్ని ఆ పుస్తకం చెప్పలేదు కదా. తెలుగు వికీలో వేల గ్రామాల పేజీలు ఆ జనగణన పట్టికల మీదే నిలబడ్డాయి. ఎన్ని ఇళ్ళు, ఎంత జనాభా, బడి ఎంత దూరం, బావులున్నాయా, అన్నీ అందులోంచి వచ్చినవే. పట్టికలో జిల్లా ఒకటి, ఇప్పటి జిల్లా ఒకటి. 2014లో ఒకసారి, 2016లో తెలంగాణ అంతా ఇంకోసారి, 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో మరోసారి జిల్లాలు మారాయి. ఆ తర్వాత కూడా పంపకాలు ఆగలేదు. మారినప్పుడల్లా ఎవరో ఒకరు జీవో దగ్గర పెట్టుకుని, ఊరు తర్వాత ఊరు, పేజీ తర్వాత పేజీ తెరిచి దిద్దారు. జీతం లేదు, సెలవు లేదు, పేరు కూడా రాదు.

ఊళ్ళ సంగతి అలా ఉంచండి, మనుషుల పేజీల్లోనూ ఇదే తగువు. సున్నం రాజయ్య గారు 1999, 2004, 2014 ఎన్నికల్లో భద్రాచలం నుంచి శాసనసభకు గెలిచారు. 2014 ఏప్రిల్ 30న చింతూరు వాళ్ళూ కూనవరం వాళ్ళూ భద్రాచలం నియోజకవర్గానికే ఓటేశారు. నెల తిరక్కుండా వాళ్ళ ఊళ్ళు వేరే రాష్ట్రానికి పోయాయి, ఆయన నియోజకవర్గం ఓటర్లలో చాలామంది గీతకు అవతలే. వాళ్ళేం ఖర్మ, రాజయ్య గారి సొంతూరు సున్నంవారిగూడెమే అటు పోయింది. వరరామచంద్రాపురం మండలం కదా. తెలంగాణ శాసనసభలో కూర్చున్న సభ్యుడి ఇల్లు ఆంధ్రప్రదేశ్‌లో. 2019లో ఆయన రంపచోడవరం నుంచి ఆంధ్రప్రదేశ్ శాసనసభకు పోటీ చేశారు, 2020 ఆగస్టులో కన్నుమూశారు. ఆయన పేజీలో వర్గం "తెలంగాణ రాజకీయ నాయకులు" అని ఉండాలా, "ఆంధ్రప్రదేశ్ రాజకీయ నాయకులు" అని ఉండాలా? రెండూ ఉండాలి. రెంటిలో ఒకటి పీకేయడానికి మీరొకరు, రెండోది పీకేయడానికి కూనవరం ఆయనొకరు. బతికున్నప్పుడు సైకిలూ బస్సూ ఎక్కి అన్ని ఊళ్ళూ తిరిగిన మనిషిని పోయాక ఒక్క పక్కకే లాగి కూర్చోబెట్టాలని ఎందుకింత పంతం?

ఈ రోగం మనకొక్కరికే వచ్చింది కాదు. ఇంగ్లీషు వికీపీడియాలో పెరుగు పేజీ పేరును ఇంగ్లీషులో హెచ్ అక్షరంతో రాయాలా, అది లేకుండా రాయాలా అని ఏళ్ళ తరబడి కొట్టుకున్నారు. 2011లోగానీ తెమల్లేదు. పాలు తోడుకోవడానికి కూడా అంతసేపు పట్టదు. దాన్ని నవ్వి వదిలేయొచ్చు గానీ, మనకు పాఠం కావాల్సింది పోలండులోని గ్దాన్‌స్క్ రేవు పట్నం గొడవ. ఆ ఊరు శతాబ్దాల పాటు జర్మన్ల నోట డాంట్‌సిగ్. రెండో ప్రపంచ యుద్ధం ఆ ఊరి వాకిట్లోనే మొదలైంది. పేజీలో ఏ పేరు వాడాలన్నది పోలిష్ వాళ్ళకూ జర్మన్ వాళ్ళకూ పౌరుషం అయి కూర్చుంది. రాత్రి ఒకరు మార్చడం, పొద్దున ఇంకొకరు తిప్పడం. చివరికి 2005లో ఓటింగు పెట్టుకున్నారు. తేలిందేమిటంటే, 1308 నుంచి 1945 దాకా జరిగిన సంగతులు రాసేటప్పుడు డాంట్‌సిగ్ అనాలి, తక్కిన కాలానికి గ్దాన్‌స్క్ అనాలి. ఎవరి పేరూ చెరిపేయలేదు, ఎవరికీ మొత్తం ఇచ్చేయలేదు, ఏడాది చూసి పేరు వేశారు. అంత రక్తం పారిన ఊరికే ఒక ఒప్పందం దొరికింది. మన పిచ్చుకలపాడుకు దొరకదా?

దొరకాలంటే మీరు కూర్చుని మాట్లాడాలి. మన వికీలో దానికి రచ్చబండ అని ఏకంగా ఒక చోటే ఉంది. ప్రతి పేజీకి వెనక చర్చా పేజీ ఉంది. మీరు ఆ ఒక్కసారి వచ్చినప్పుడు ఏం జరిగిందో గుర్తుందా? జనగణన మూలం గురించి నెమ్మదిగానే జవాబిచ్చారు ఒక వాడుకరి. ఆవిడ ఇలాంటి గ్రామాల పేజీలు ఎన్నో ఓపిగ్గా కూర్చినవారు. మీరు రెండో వాక్యానికే ఆవిడను "ఆంధ్రా ఏజెంట్" అన్నారు. అంతకుముందే కూనవరం ఆయన ఆవిడను "తెలంగాణ వాది" అని తిట్టి ఉన్నారు. రెండు వైపుల నుంచీ తిట్లు పడుతున్నాయంటే ఆవిడ సరిగ్గా మధ్యలోనే నిలబడ్డారన్నమాట. మీకు ఆ సంగతి తట్టలేదు. ఆవిడ ఇప్పుడు గ్రామాల పేజీలు ముట్టుకోవడం లేదు. పక్షుల గురించి రాసుకుంటున్నారు. పక్షులకు రాష్ట్రాలు లేవు కదా అని అడిగితే, నవ్వే గుర్తు ఒకటి పెట్టి ఊరుకున్నారు.

మీరు చేసిన నష్టాల్లో నేను పెద్దదిగా చూసేది ఇదే. గడిలో మాటను ఒక్క నొక్కుతో వెనక్కి తిప్పొచ్చు, పేజీ చరిత్రలో పాత ప్రతులన్నీ ఉంటాయి. విసిగి వెళ్ళిపోయిన మనిషిని తిప్పే మీట ఏదీ లేదు. 2003 డిసెంబరులో వెన్న నాగార్జున తెలుగు వికీపీడియాకు కొబ్బరికాయ కొట్టిన నాటినుంచీ ఇది నిలబడింది అలాంటి కొద్దిమంది చేతుల మీదే. నిర్వాహకులను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. వాళ్ళలో ఉద్యోగాలు చేసుకునేవాళ్ళున్నారు, పెన్షన్ తీసుకునేవాళ్ళున్నారు. మీ అంకెలను నిరోధించమని నేనే అడగొచ్చు. అడగలేదు. మొబైల్ డేటాలో ఒకే అంకెల వరస వెనక ఎంతోమంది ఉంటారు. మిమ్మల్ని ఆపబోయి భద్రాచలం చుట్టుపక్కల రాయాలనుకున్న ఏ డిగ్రీ కాలేజీ పిల్లనో ఆపేయాల్సి వస్తుంది. మొదటిసారి దిద్దబోతే "మీరు నిరోధంలో ఉన్నారు" అని కనబడితే ఆ పిల్ల మళ్ళీ ఆ గుమ్మం తొక్కుతుందా?

గుండాల పేజీలో "గ్రామ ప్రముఖులు" అని ఒక విభాగం తెరిచారు మీరు. ప్రముఖుడు ఒక్కడే. పేరు, పార్టీ, పుట్టినరోజు, ఫోను నంబరు, చివర "పేదల పెన్నిధి". మీరేనా అని అడగను. ఎవరైనా కానీ, ఆ నంబరు తీసేశాం, పెన్నిధిని కూడా తీసేశాం. మన పల్లెల పేజీల్లో ఈ విభాగం ఫ్లెక్సీ బోర్డుకు తమ్ముడై కూర్చుంది. ఎన్నికలు దగ్గరపడితే ప్రముఖులు పెరుగుతారు, ఓడిపోయాక ఎవరో వచ్చి తీసేస్తారు. దీన్ని నవ్వి వదిలేయగలను.

వదల్లేనిది ఇంకొకటి. అడవి లోపలున్న ఒక గూడెం గురించి ఎవరో రెండు వాక్యాల మొలక వ్యాసం రాశారు. అక్కడ గొత్తికోయలున్నారని, బడి లేదని, వాగు దాటి నీళ్ళు తెచ్చుకుంటారని. మీరొచ్చి "అక్రమంగా వలస వచ్చినవారు, మావోయిస్టుల సానుభూతిపరులు" అని చేర్చారు. మూలం లేదు. 2005లో బస్తర్ వైపు మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం దళాలు మొదలయ్యాక, ఇటు తుపాకీకీ అటు తుపాకీకీ మధ్య చిక్కి, ఇళ్ళు కాలిపోయి, పిల్లలను చంకనేసుకుని అడవి దాటి వచ్చిన జనం వాళ్ళు. ఆ జుడుంను సుప్రీంకోర్టే 2011 జులైలో తప్పుపట్టింది. అక్కడ ఎస్టీలుగా లెక్కలో ఉన్నవాళ్ళకు ఇక్కడ ఆ గుర్తింపు దొరక్క, కాగితం ముక్క కోసం ఏళ్ళుగా తిరుగుతున్నారు. ఎప్పుడో ఒకరోజు ఏ అధికారో ఫోనులో ఆ గూడెం పేరు కొట్టి చూస్తే, మొదట కనబడేది మీరు రాసిన వాక్యం. గీత ఎటు ఉండాలన్న విషయంలో మీకు అంత నొప్పి ఉంది కదా. నిజంగానే గీత దాటి వచ్చి, ఏ రాష్ట్రమూ తనది కాని జనం మీద ఆ నొప్పిలో రవ్వంతైనా ఎందుకు లేకపోయింది?

ఇక మావైపు తప్పులు. లేవనను. కొత్తగా వచ్చినవాడు రెండు వాక్యాలు రాస్తే, పలకరించే నాథుడుండడు. తప్పు చేస్తే మాత్రం నిమిషంలో రెడీమేడ్ హెచ్చరిక మూస వచ్చి పడుతుంది. అందులో నియమాల లింకులు ఆరేడు, ఒక్కోటీ చాంతాడంత. "మూలం లేదు, తొలగించాను" అన్న ముక్క తప్ప ఇంకేమీ చెప్పకుండా, ఊరివాడు ఊరి గురించి రాసినదాన్ని తుడిచేసేవాళ్ళు మాలో ఉన్నారు. ఏజెన్సీ పల్లెల గురించి పత్రికల్లో వచ్చేదే తక్కువ. వచ్చినా జిల్లా అనుబంధంలో ఒక కాలమ్ వార్త, అది రేపటికి దొరకదు. మూలం తెమ్మంటే ఎక్కడినుంచి తెస్తాడు? పట్నంలో కూర్చున్నవాడికి ఉన్నన్ని మూలాలు అడవిలో ఉన్నవాడికి ఉండవు. ఈ అసమానత గురించి రచ్చబండలో మేము మాట్లాడుకోవాల్సినంత మాట్లాడుకోలేదు. మీకు మొదట్లో ఎవరైనా చెయ్యి పట్టి చూపించి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదేమో. అయినా, మర్యాద మాకు చేతకాలేదన్న సాకు ఆ గూడెం మీద మీరు రాసిన వాక్యానికి సరిపోదు.

కాబట్టి నేను అడిగేది ఇది. రాష్ట్రం గడిని వదిలేయండి. దాని కింద ఖాళీ జాగా బోలెడుంది. "రాష్ట్ర విభజన తర్వాత" అని ఒక విభాగం తెరవండి. ఆర్డినెన్సు తేదీ రాయండి, చట్టం తేదీ రాయండి, ఊరు ఏ మండలం నుంచి ఏ మండలానికి, ఏ జిల్లా నుంచి ఏ జిల్లాకు పోయిందో రాయండి. తెలంగాణలో కలపమని పంచాయతీ తీర్మానం చేసి ఉంటే, వార్త వచ్చిన పత్రిక పేరూ తేదీ వేసి అదీ రాయండి. ఎవరు అడిగారో, ప్రభుత్వాలు ఏమన్నాయో రాయండి. వద్దన్నవాళ్ళు ఉంటే వాళ్ళ మాట కూడా రాయాలి, అది మీకు రుచించకపోయినా. అలా రాసింది ఎవరైనా తీసేస్తే నాకు చెప్పండి. నిలబెట్టడానికి మీకంటే ముందు నేనుంటాను. కూనవరం ఆయన వచ్చినా సరే.

ఖాతా తెరవడానికి ఫోను నంబరు అడగరు, అసలు పేరూ అడగరు. ఏదో ఒక పేరు పెట్టుకోండి. అప్పుడు మీకు రాసిన సందేశం మీకే చేరుతుంది.

మీరు ఆ ఊళ్ళవారే అయితే ఇంకో పని కూడా ఉంది. ఆ ఐదు ఊళ్ళకూ ఫొటోలు కావాలి. పంచాయతీ ఆఫీసు బోర్డు, బడి, గోదావరి గట్టు, రోడ్డు పక్కన రెండు రాష్ట్రాల హద్దు చెప్పే పలక ఉంటే అది. మనుషుల ముఖాలు పడకుండా, మీరు సొంతంగా తీసినవే, వికీ బొమ్మలు దాచే వికీమీడియా కామన్స్‌లో ఎక్కించండి. వాట్సాప్‌లో వచ్చినవి వద్దు, హక్కుల గొడవతో తీసేస్తారు. బోర్డు మీద రాష్ట్రం పేరు మీకు నచ్చకపోయినా ఫొటోలో దాన్ని కత్తిరించకండి.

ఎటపాక చర్చా పేజీలో "రాష్ట్రం మార్పు" అని ఒక శీర్షిక పెట్టి ఉంచాను. మొదటి వరస నేను రాశాను, కింద జాగా వదిలాను.

ఇట్లు,
రోజూ ఆ దారినే రెండు రాష్ట్రాలు తొక్కే దుమ్ముగూడెం వాడుకరి